వెనక సీటుకి వినపడాలి

జూన్ 2
ఇవాళ వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. కాళ్లు నేలకి అంటుకుపోయాయి, నడుం పైభాగం మాత్రం ముందుకెళ్లిపోతోంది. మా ఆవిడ వెనక నుంచి పదండి పదండి అంది. పదమంటే కదిలే కాళ్లయితే ఎప్పుడో కదిలేవి. కసిరాను. నా గొంతు నాకే వినపడలేదు.

జూన్ 5
ఫిజియోథెరపీ మొదటి రోజు. చేయించే అమ్మాయికి మా మనవరాలి వయసు, పెత్తనం మాత్రం డిపో మేనేజరుది. డ్రిల్లు మేడమ్ అని పేరు పెట్టాను. పార్కిన్సన్స్ పోదు అంకుల్, కానీ ఒంటికి నడక మళ్లీ నేర్పొచ్చు అంది. అద్దం ముందు నడిపించింది. పెద్ద అడుగే వేశాననుకున్నాను, అద్దంలో అది జానెడు కూడా లేదు.

ఏ ఒక్క పని చేయగలిగితే చాలనిపిస్తుంది అని అడిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కాలి అన్నాను. ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసినవాణ్ణి. కదిలే బస్సులో నిలబడి బతికాను, ఇప్పుడు ఆగి ఉన్న బస్సెక్కలేను. చెప్తూంటే ఏడుపొచ్చింది. మా ఆవిడ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

జూన్ 9
కుర్చీలోంచి లేవడం, ఇరవై సార్లు. పాదాలు వెనక్కి పెట్టాలి, ముక్కు మోకాళ్లు దాటాలి, అప్పుడు లేవాలి. పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పనికి ఇన్ని రూల్సున్నాయని ఎవరికి తెలుసు.

జూన్ 10
మొండికేశాను. వెళ్లలేదు.

జూన్ 14, ఉదయం 6
మా ఆవిడ చెయ్యి కమిలిపోయింది. రాత్రి నిద్రలో నేనే కొట్టానట.

కలలో బస్సులో ఉన్నాను. బస్సు నీళ్ల మీద పోతున్నట్టుంది, చప్పుడు లేదు. సీట్లలో అందరూ నిద్రపోతున్నారు. నేను ఈ చివరి నుంచి ఆ చివరికి చకచకా తిరుగుతున్నాను. చేతిలో వణుకు లేదు. బయట ఏవో దీపాలు మాతోపాటే వస్తున్నాయి. బెల్లు తాడు లాగి రైట్ అన్నాను.

ఇల్లెగిరిపోయేలా అరిచారు అంటోంది. పగలు మూడుసార్లు అడిగితే గాని మాట బయటికి వినపడని మనిషికి ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందో అర్థం కావట్లేదట. నాకు సిగ్గేసింది. వేరే గదిలో పడుకుంటానంటే వద్దంది. ఆ కేక వినడం తనకి బావుందట.

జూన్ 16
ఆవిడ ఆ సంగతి డ్రిల్లు మేడమ్‌కి చెప్పేసింది. నిద్రలో అరవడం, చేతులు విసరడం ఈ జబ్బులో ఉండేదేనట, డాక్టరుకి కూడా చెప్పమంది. తర్వాత కాసేపు ఆలోచించింది. కాళ్లు ఆగితే కంగారుపడొద్దు, పూర్తిగా ఆగి నిటారుగా నిలబడండి, బరువు అటూ ఇటూ మార్చండి, ఆ కేక వేసి అడుగెయ్యండి అంది.

మెల్లగా రైట్ అన్నాను. వెనక సీటుకి వినపడాలి అంకుల్ అంది. గట్టిగా అన్నాను. కాలు లేచింది. నేల మీద నీలం టేపు గీతలు ఒక్కొక్కటీ దాటుకుంటూ గోడ దాకా వెళ్లాను. గోడ అడ్డొచ్చింది గాని, ఇంకా వెళ్లేవాణ్ణి.

జూన్ 27
ఇంట్లో ఒకటే రైట్ల మోత. స్నానాలగదికి ఒకటి, వంటింటికి ఒకటి. మా ఆవిడ కూడా మంచినీళ్ల గ్లాసు పట్టుకుని రైట్ అని బయల్దేరుతోంది.

జూలై 8, ఉదయం 9
మాత్ర వేసుకుని గంటయింది. స్టాపుకి వెళ్తున్నాం. చెయ్యి పట్టుకోనని ఆవిడ మాటిచ్చింది.

జూలై 8, సాయంత్రం
బస్సొచ్చింది. కాళ్లు అంటుకుపోయాయి. మా ఆవిడ వెనకాలే నిలబడింది. పదండి అనకుండా ఉండటం ఆవిడకెంత కష్టమో నాకు తెలుసు. ఆగాను. నిటారుగా నిలబడ్డాను. కమ్మీ పట్టుకుని రైట్ అని ఒక్క కేక వేశాను. ఒక కాలు మెట్టెక్కింది. రెండోదీ ఎక్కింది. లోపలికెళ్లాను.

బస్సు కదిలిపోయింది.

డ్రైవరు తప్పేం లేదు. అలాంటి కేక వింటే ఏ డ్రైవరైనా కదిలిస్తాడు. నా కాళ్లు వాటంతటవే ఎడంగా జరిగి నిలదొక్కుకున్నాయి. వెనక అద్దంలోంచి చూస్తే మా ఆవిడ స్టాపులో చేతిసంచి ఊపుతోంది. ఆపమనో, వెళ్లిరమ్మనో తెలియలేదు. కండక్టరు ఎక్కడికి అని అడిగాడు. నెలరోజులుగా ఆ మెట్టు గురించే ఆలోచించాను, ఊరు గురించి అనుకోనేలేదు.

తర్వాతి స్టాపులో దిగి బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడ వెనకొచ్చిన ఇంకో బస్సులో వచ్చింది. పాసింజరుని వదిలేసి పోయిన కండక్టరు మీద కంప్లైంటు ఇస్తానంది. నేను ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లయిందో.

జూలై 9
రాత్రి నేను ఒక్కసారి కూడా అరవలేదట. బస్సు ఎప్పుడు కదులుతుందా అని ఆవిడ తెల్లారేదాకా మేలుకునే ఉందట.