ఈ ఒక్క పతంగి పట్టకు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ పేరున దీపం పెట్టాను.

సాయంత్రం మా పక్క ఫ్లాటులోని కొరియా అవ్వ నన్ను దోహా సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళింది. ఏడాదిలో మొదటి పున్నమికి వాళ్ళు తమ కష్టాలను పతంగి మీద రాసి, ఎగరేసి, దారం తెంపేస్తారట. తాతల నాటి ఆచారం. తెగినదాన్ని పట్టుకున్నవాళ్ళకు ఆ కష్టం అంటుకుంటుందట.

వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. అదే రాశాను. దారం మాత్రం నువ్వు పతంగులెగరేసిన చరఖాలోది. అందుకే కత్తెర పట్టుకుని ఆగిపోయాను.

"యల్లా బేటీ, కాటో," కానీ బిడ్డా, తెంపెయ్ అని ఇక్కడి అరబ్బీ హిందీ కలగలుపులో అంది అవ్వ నవ్వుతూ.

తెంపాను. పతంగి పైపైకి వెళ్ళిపోయింది.

తెగిన పతంగి కనిపిస్తే కంచంలో అన్నం వదిలేసి పరుగెత్తేవాడివి. దేవుడి దగ్గరున్నా నీ బుద్ధి మారి ఉండదు. దీని వెంట మాత్రం పరుగెత్తకు అన్నా.

నీ చెల్లెలు