ఎద్దు కాలికి దిగిన కొడవలి

నాయనా,

నువ్వు పోయి ఏడాదైన ఈరోజే, బెంగళూరులో నేను మరమ్మతు చేసిన విమానాన్ని నేనే ఆపించాను. పని అయ్యాక లెక్కపెడితే స్పానర్లలో ఒకటి తక్కువైంది. "ఒక్కటే కదా," అని అందరూ విసుక్కున్నారు.

రాప్తాడు చేలో మరిచిన కొడవలి మన ఎద్దు కాలికి దిగినప్పటినుంచి, కొడవళ్లన్నీ లెక్కపెట్టందే నువ్వు ఎవర్నీ ఇంటికి కదలనిచ్చేవాడివి కాదు. "ఒగటి తక్కువుండాది, యాడ పడిందో చూడుమ్మా," అనేవాడివి. ప్రపంచంలో విమాన ప్రమాదాలు తగ్గుతూ వచ్చిందీ ఇలాగే. మా నియమాల్లో చాలావాటి వెనక ఎక్కడో కూలిన విమానం ఉంటుంది.

గంట వెతికితే స్పానర్ రెక్క సందులో దొరికింది. విమానం లేచి మబ్బుల్లో కలిసిపోతుంటే, దాని నీడ మన జొన్నచేను మీదుగా జారినట్టనిపించింది. ఆ నీడలో కుంటుతూ మన ఎద్దు, దాని అడుగుకు తగ్గట్టు మెల్లగా నడుస్తూ నువ్వు.