మనుషులు లేని కొండ

1వ తేదీ, సోమవారం. ఉదయం 4.50
లేచాను! అలారం మోగకముందే లేచాను!

మళ్లీ మాట మార్చకుండా రాసిపెడుతున్నాను. పన్నెండు రోజులు, పన్నెండు ఫొటోలు. చెరువు అవతలి కొండ, సూర్యోదయం, రోజుకి ఒకే క్లిక్కు. ముఖ్యమైన నియమం: ఫ్రేములో మనిషన్నవాడు ఉండకూడదు. ఆసుపత్రిలో రోజంతా ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం నాది. మనుషుల్ని లోపలి నుంచి చూసి చూసి విసుగెత్తిపోయాను. ఇంకా బయటి నుంచి కూడానా?

ముప్పై ఏళ్లుగా కొండలూ చెట్లూ తీస్తున్నాను. ఒక్కటీ గోడకెక్కలేదు. లైబ్రేరియన్ గారు 13వ తేదీ నుంచి హాల్లో ఒక గోడ ఇస్తామన్నారు. అన్నీ ఈ నెలలో తీసినవే పెడతానని గొప్పగా చెప్పి వచ్చాను. వచ్చే ఏడాది రిటైర్మెంటు. ఇప్పుడు కాకపోతే ఎక్స్‌రే మేడమ్‌గానే మిగిలిపోతాను.

6.05
పొగమంచు! నీళ్ల మీద పల్చగా పొగమంచు, దాని మీద కొండ తేలుతోంది! క్లిక్కుమనిపించాను. జన్మ ధన్యం.

7.30
కెమెరాలో కార్డు లేదు. కంప్యూటర్లోనే ఉండిపోయింది.

"పోనీలే, నువ్వు చూశావుగా" అన్నారు మా ఆయన పళ్లు తోముకుంటూ. ఆయన ఓదారుస్తున్నారో వెక్కిరిస్తున్నారో పెళ్లయిన నాటి నుంచీ తేల్చుకోలేకపోతున్నాను.

2, మంగళవారం
కార్డు ఉంది. బ్యాటరీ ఉంది. వెలుగుంది. కొండకి అడ్డంగా రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన కూడా ఉన్నారు, చేతులు గిరగిరా తిప్పుతూ. కాస్త జరగమన్నాను. నా దగ్గరికే జరిగారు.

"మీరు ఎక్స్‌రే మేడమ్ కదూ? ఈ మోకాలు ఒక్కసారి చూడమ్మా."

చూశాను. ఈలోగా సూర్యుడు తన పని కానిచ్చుకుని పైకి వెళ్లిపోయాడు.

4, గురువారం
నిన్న వాన. లెక్కలోకి రాదు. ఈ రోజు వాన రావచ్చు. ఇదీ లెక్కలోకి రాదు.

6, శనివారం. 5.20
వెలుగు బాలేదు.

"కర్టెన్ తియ్యకుండానే ఎలా తెలిసింది?" అని మా ఆయన. అనుభవం ఊరికే పోతుందా! ఫొటోగ్రాఫరుకి ఓపిక ముఖ్యం. ఎనిమిదింటి దాకా పడుకుని ఓపిక పట్టాను.

8, సోమవారం
అసలు చెరువు దాకా ఎందుకు? కొండ మా మేడ మీంచీ కనిపిస్తుంది. తీశాను. కొండ, నీళ్ల ట్యాంకు, పక్కింటివాళ్లు ఆరేసిన దుప్పటి. దుప్పటి మనిషి కాదు. నియమం తప్పలేదు.

9, మంగళవారం
వంటింటి కిటికీ లోంచి. కొండ అంచు ఒకటి పడింది. రేకుల షెడ్డు కూడా అయ్యుండొచ్చు.

11, గురువారం
లైబ్రేరియన్ గారి ఫోను. "ఎల్లుండి పొద్దున్నే మేకులు కొట్టిస్తున్నాం మేడమ్. మీకు కుదరకపోతే చెప్పేయండి. కుట్లూ అల్లికలూ నేర్పే ఆవిడ ఆ గోడ కోసం కాచుకుని ఉన్నారు."

కుదరకపోవడమేంటి! పాత ఫిల్ములు కూడా స్కాన్ చేసి దాచిన హార్డ్ డిస్కులన్నీ తిరగేశాను. పన్నెండు కొండలు దొరికాయి. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. కొత్తవేనని చెప్పేస్తే సరి, కొండకి వయసు తెలుస్తుందా ఏంటి? ఏది ఎక్కడ తీశానో నాకే గుర్తు రావడం లేదు.

13, శనివారం
గోడకెక్కాయి! పన్నెండూ! చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్నీ ఈ నెలవేనా మేడమ్?" అని లైబ్రేరియన్ గారు అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు.

"ఈ నెలా? భలేవారే! ఇది మా పెళ్లయిన ఏడాది. ఆ బండ వెనక నేను నక్కి ఉన్నాను. తల ఎత్తారో అంతే అని ఈవిడ ఆర్డరు."

నా పరువు అక్కడికక్కడే పోయింది. ఆయన ఆగితేనా! జనం మూగారు. ఆయన ఫొటోలు చూపించడం లేదు. ఫొటోల పక్కన ఖాళీ గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తున్నారు.

"ఇక్కడ మా అమ్మాయి. ఒళ్లు కాలిపోతోంది, నా భుజం మీద నిద్రపోతోంది. ఇదిగో, ఇక్కడ మా అత్తగారు. చెప్పులు విప్పి రాయి మీద కూర్చున్నారు. 'నేనూ పడతానా అమ్మాయ్?' అని అడిగారు. 'పక్కకి జరుగమ్మా' అంది ఈవిడ. పాపం, జరిగారు."

గుర్తొచ్చింది. అమ్మ పోయి ఆరేళ్లు. నేను తీసిన అమ్మ ఫొటో ఒక్కటే ఉంది. అది ఛాతీ ఎక్స్‌రే.

అందరి ముందూ అలా చెప్పినందుకు దారిలో పోట్లాడదామనుకున్నాను. ఏడుపొచ్చింది. "ఇవన్నీ ఎలా గుర్తున్నాయి మీకు?" అని అడిగాను.

"పక్కకి జరిగి నిలబడ్డాక నాకింకేం పనుంటుంది?" అన్నారు.

14, ఆదివారం. ఉదయం 4.50
లేచాను! ఆయన్నీ లేపాను. కొత్త నిర్ణయం. పన్నెండు రోజులు, పన్నెండు ఫొటోలు. వెనక కొండ, ముందు మా ఆయన.

6.10
చెరువు గట్టు మీద నిలబెట్టాను. చొక్కా సర్దాను. క్లిక్కుమనిపించాను.

7.00
కంప్యూటర్లో చూశాను. కొండ బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన లేరు. నేను కొండనే చూస్తూ కెమెరా ఎత్తగానే పక్కకి జరిగారట. అలవాటట.

రేపు మళ్లీ మొదటి రోజు.