కోడి కింద బాతు గుడ్లు

నందిగామ
1963 నవంబరు 21

బ్లాకు ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. ఊళ్ళల్లో ఆడవాళ్ళకి వంటా శుభ్రమూ నేర్పే ముఖ్యసేవిక పోస్టుకి ఇంటర్వ్యూ డిసెంబరు పదకొండున. ఆఫీసర్ల ముందూ మహిళామండలి వాళ్ళ ముందూ గుడ్డుతో ఏదైనా వండి చూపించాలి. సెలెక్టయితే హైదరాబాదులో ట్రైనింగు, తరవాత జీపులో ఊళ్ళు తిరగడం. నేను బి.ఏ. పాసై ఏడాదిన్నర. ఈ ఇంట్లో నాకు తెలియని గోడ లేదు.

నాన్న కార్డు రెండుసార్లు చదివారు. ఈ ఒక్కసారికీ వెళ్ళు, రాకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకు, అన్నారు.

నవంబరు 24

కేకు చేస్తాను. గుంటూరు హాస్టల్లో మేట్రన్ నేర్పింది. కేకుకి కోడిగుడ్డు కన్నా బాతు గుడ్డే మేలనేది. సొన చిక్కన, కేకు బాగా పొంగుతుంది. ఎలాగూ కొక్కెర తెగులొచ్చి వీధిలో కోళ్ళన్నీ పోయాయి. నాయనమ్మ ఎర్రపెట్ట ఒక్కటే మిగిలింది.

మిషన్ స్కూలు దేవమణి టీచరు బాతుల్ని పెంచుతుంది. గుడ్లిచ్చి, డబ్బులొద్దండీ, మీరు జీపెక్కాక నన్నోసారి కీసర దాకా తిప్పండి చాలు, అంది.

గుమ్మంలోనే నాయనమ్మ పట్టేసింది. ఆ నీచుకంపు నా పొయ్యెక్కిందంటే పొయ్యి తవ్వి మునేట్లో కలిపేస్తానే బేబీ, అంది. ఆ పొయ్యి మీద అప్పుడు చేపల పులుసు కాగుతోంది.

నవంబరు 26

గొడ్ల చావిట్లో కుంపటి పెట్టాను. పాత గుండిగలో ఇసుక పోసి, అది కాగాక కేకు గిన్నె దించి, మూత మీద నిప్పులు. పైన బంగారం, అడుగున బొగ్గు. జాజికాయ వేస్తే నీచు వాసన లేదు. పనిమనిషి బసవమ్మ మాడిన చెక్కు కూడా వదలకుండా తిని, ఇడ్లీకి పెళ్ళి చేసినట్టుందమ్మా, అంది.

నవంబరు 29

రెండోది కుదిరింది.

డిసెంబరు 2

ఇంటర్వ్యూ కోసం మరో ఎనిమిది గుడ్లు తెచ్చాను. వంటింట్లోకి రానివ్వరు కనక చావిట్లో తవుడు గంపలో పెట్టాను. రేపు జగ్గయ్యపేట, పిన్ని ఇంటికి. మైదా, మంచి రేకు గిన్నె అక్కడ దొరుకుతాయి. ఎల్లుండికి వచ్చేస్తాను.

డిసెంబరు 10, సాయంత్రం

పిన్నికి జ్వరం. కదలనివ్వలేదు. ఇవాళ బస్సు దిగి సరాసరి చావిట్లోకి వెళ్ళాను. గంపలో, గుడ్ల మీద, ఎర్రపెట్ట. చెయ్యి పెడితే పొడిచింది.

నాయనమ్మ మొహం వెలిగిపోతోంది. బాతు తన గుడ్లని తాను సరిగా పొదగదు. కోడి కింద పెట్టాలి. మా ఇళ్ళల్లో బాతు గుడ్డు కొనుక్కొచ్చేది అందుకొక్కందుకే, తినడానికి కాదు. రెండు కేకులతో నా సరదా తీరిందనీ, బుద్ధొచ్చి బాతుల్ని పెంచుకోబోతున్నాననీ అనుకుంది. తవుట్లో పడేసి పోతే అవే పిల్లలవుతాయిటే, నువ్వెళ్ళిన రోజే పొదగేశా, అంది.

వేరే గుడ్ల కోసం దేవమణి టీచరు ఇంటికి పరిగెత్తాను. తాళం. అక్క పురుడుకి కంచికచర్ల వెళ్ళిందట.

తిరిగొచ్చి గుడ్లని బకెట్టు నీళ్ళలో వేశాను. మునిగితే మంచివని మేట్రన్ చెప్పింది. ఎనిమిదీ మునిగాయి.

డిసెంబరు 11

మొదటి గుడ్డు గాజు గిన్నెలో కొట్టాను. పచ్చసొన మీద ఎర్రటి నరాలు. మధ్యలో ఒక చుక్క కొట్టుకుంటోంది.

మహిళామండలి ప్రెసిడెంటు దుర్గాంబగారు తొంగిచూసి, అమ్మాయీ, నిన్ను గుడ్డు వండమన్నాం గానీ పిల్లని కాదు, అన్నారు. అందరూ నవ్వారు. ఆఫీసరు కిటికీ వైపు తిరిగారు. నేను మాత్రం ఆ చుక్క ఆగేదాకా చూశాను.

పోస్టు కమలాకుమారి అనే ఆమెకి. ఆమె అట్టు మాడింది. అయినా అది అట్టే.

మిగిలిన ఏడూ తవుట్లోనే పెట్టి ఇంటికి తెచ్చాను. పెట్ట మళ్ళీ ఎక్కి కూర్చుంది, మధ్యలో ఏమీ జరగనట్టు.

డిసెంబరు 12

నాన్న ఏమీ అడగలేదు. ఆ ఊసెత్తకూడదన్నది ఆయనక్కూడా కాబోలు.

డిసెంబరు 25

దేవమణి టీచరు కేకు పంపింది. నాయనమ్మ రెండు ముక్కలు తిని, ఇది కోడిగుడ్డుదేగా, అంది. అవునన్నాను. మూడోది తీసుకుంది.

1964 జనవరి 2

నాలుగు పిల్లలు. మూడు గుడ్లు మురిగిపోయాయి.

పిన్ని ఉత్తరం రాసింది. జగ్గయ్యపేట బ్లాకులోనూ అదే పోస్టు ఉందట, ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ. నాన్న చదివి చుట్టల పెట్టెలో పెట్టి మూత వేశారు.

జనవరి 7

బాతు పిల్లలు నాలుగూ నేలమట్టంగా పాతిన నీళ్ళ గోలెంలోకి దిగిపోయాయి. ఎర్రపెట్ట చుట్టూ తిరుగుతూ ఒకటే గోల. ఊరుకోవే, మునగవులే, అంది నాయనమ్మ. అదే గొంతుతో అరుగు మీదున్న నాన్న వైపు తిరిగి, ఒరే, బేబీని జగ్గయ్యపేట పంపు, అంది.