రెండు గుడ్లు ముట్టకు

తమ్మీ ఆశీర్వాదం,

ఆరు గుడ్లు ఉడకబెట్టిన. నాలుగు తిను, రెండు ముట్టకు. ఆరేండ్లకు మళ్ల బాక్సింగుకు దిగుతున్నవ్, బరువు తగ్గితే బెల్లంపల్లి పోటీల నిన్ను హెవీవెయిట్‌ల నిలవెట్టరు. ఇంక పన్నెండు దినాలే ఉన్నయి. డ్యూటీ దిగినంక పండుకోకు, వాగు దాక ఉరికి రా.

నిన్న నువ్వు గుద్దే బస్తా పిగిలితే కుట్టిన. లోపల సీమోనన్న అంగీలు కుక్కినవ్. బొగ్గు బాయిల కప్పు కూలి సచ్చిపోయిన అన్న బట్టలు నా పెట్టెలకెల్లి తీసేటప్పుడు నన్నొక్క మాట అడగొద్దా?

నీ కుడి దవడ వాచింది. బస్తా తాకిందన్నవ్. ఉత్త బస్తా తాకితే గట్ల వాస్తదా? నీకు ఆట నేర్పేటప్పుడు అన్న ఎడమ చేత్తోనే కొడుతుండె, గా దవడ మీదనే. ఇయ్యాల చూస్తే నా కుట్టు లోపటి నుంచి పిగిలింది. మళ్ల కుట్టిన. అంగీలు మాత్రం తియ్యలే. అన్న లేకుంటే నువ్వు గెలువవ్.

దవాఖాన్ల డ్యూటీకి పోతున్న. దవడకు ఉప్పు కాపడం పెట్టుకో.

నీ అక్క రిబ్కమ్మ

సీమోనన్నా, గా రెండు గుడ్లు నీకే. పోటీ అయ్యేదాక తమ్మున్ని జర మెల్లగ కొట్టు.