గాజు గిన్నెలో ఇంకా పెరుగుతున్నది

లక్ష్మీ,

ఈరోజుకు నువ్వు పోయి ఏడాది. ఎర్రబోరులో మన ఇంటి వెనుక మోదుగాకు విస్తరిలో నీ పేరున కాకులకు అన్నం పెడుతుంటే సైంటిస్టు మేడం ఫోన్ చేసింది. నీ కేన్సర్ గడ్డలోంచి ఒక ముక్క పరిశోధనకు ఇచ్చావు కదా, ఆమెకే. ఆ కణాలు గాజు గిన్నెలో ఇంకా బతికే ఉన్నాయట. మన ఒంటి వేడిలోనే ఉంచి, ఆహారం పోస్తూ పెంచుతున్నారట.

పక్కనే వింటున్న పెద్దమ్మ విస్తరి లాగేసుకుంది. "ఏందే ఇది? బతికున్న పిల్లకు కాకికూడు పెడ్తవా? పాపం తగుల్తది!"

"అది మీ చెల్లెలు కాదమ్మా, ఆమెను తిన్న రోగం," అంది ఫోన్‌లో మేడం నాతో. "ఈరోజు వాటిలోకి కొత్త జన్యువును పంపిస్తున్నాం. అవి చచ్చిపోతే, ఇంకొకరిని బతికించే దారి దొరకొచ్చు."

ఆమె మాట పెద్దమ్మ నమ్మలేదు. నీ ఏడాది కర్మ అక్కడితో ఆగిపోయింది. నేను పెట్టాల్సిన ముద్ద ఎక్కడో నీకు వేరేవాళ్లు పెడుతున్నట్టు పొద్దంతా అనిపిస్తూనే ఉంది.

నువ్వు మంచంలో ఉన్నన్నాళ్లూ నీ ప్రాణం నిలబెట్టమని దంతేశ్వరమ్మను వేడుకున్నాను. ఈ సాయంత్రం దీపం పెట్టి, నీలో మిగిలినదాన్ని కూడా చంపేయమని మొక్కుకున్నాను.

అక్క