వరుస చివరి మాట

మాచవరం దగ్గరి పల్లె,
1946 ఏప్రిల్ 3.

నా కృష్ణకుమారికి,

నైజాం నుంచి కృష్ణానది దాటి ఇంగ్లీషువాళ్ల రాజ్యంలో అడుగుపెట్టి మూడు నెలలైంది. మన బడి అరుగుమీద కూర్చుని కలలుగన్న సేవ ఇది కాదు. ఆడవాళ్లకు అక్షరాలు నేర్పమని మిషను వాళ్లు ఆరు నెలలకని పంపారు. జీతం లేదు, ఒకరింట్లో తిండీ పడకా. ఆ ఇంట్లో పాపమ్మక్క, ఆమె భర్త పేతురు, ఇద్దరే. పెళ్లై పదిహేనేళ్లయినా పిల్లల్లేరు.

నీకు తప్ప ఎవరికి చెప్పుకోను? ఈ ఇంటి పాపమ్మక్క గొడ్డుకారమే పెడుతుంది, రెండు పూటలా, జొన్నన్నంలోకి. నాలుక మొద్దుబారిపోయింది. అదైనా ఓర్చుకుందును. మూడింటికి పదిమంది ఆడవాళ్లొస్తారు. నరసమ్మ పలకతో విసురుకుంటూ, "ఈ అచ్చరాలు తింటే కడుపు నిండుద్దా పంతులమ్మా?" అంటుంది. అందరూ నవ్వుతారు. ఇన్నాళ్లకు నాలుగు మాటలు కూడబలుక్కోగలిగింది పాపమ్మక్క ఒక్కతే. ఆమె కూడా ఒక వరుస చదివేసరికి చెమటలు కక్కుతుంది. వీళ్లకు చదువు రాదు కృష్ణా. నాకు నేర్పడం రాదు.

మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఓడిపోయి వచ్చానని ఆయనతో ఎలా అనను? నువ్వొక పని చెయ్యి. మా అమ్మకు జబ్బు చేసిందనీ, వెంటనే బయలుదేరమనీ ఉత్తరం రాయి. ఇక్కడ చదవగలిగేవాళ్లెవరూ లేరు. నేనే చదివి వినిపించి వచ్చేస్తాను.

నీ ఎస్తేరు

*

ఏప్రిల్ 9.

కృష్ణా,

ఆ ఉత్తరం రాయకు. రాసి ఉంటే చించెయ్యి.

నీకు రాసిన కాగితం ఏరు దాటించే పుట్టివాడికిమ్మని పాపమ్మక్క చేతికే ఇచ్చాను. రేవు నుంచి వచ్చింది మొదలు ఆమె నాతో మాట్లాడలేదు. కంచం నా ముందు పెట్టి అవతలికి పోయేది. మధ్యాహ్నం ఒక్కరూ చదువుకు రాలేదు. మూడోనాడు బావి దగ్గర నరసమ్మ నిలేసింది. "ఏందమ్మా, కూడు పెట్టినామెని గొడ్డుదని రాస్తావా? ఊళ్లో మా నోళ్లు చాలవా? కాయితం మీద గూడానా?"

ఇంటికొచ్చి పాపమ్మక్కనే అడిగాను.

"నా పేరు కనపడింది ఎస్తేరమ్మా. చానా సంబరపడ్డా. పుట్టి వచ్చిందాకా కూడబలుక్కున్నా. 'ఈ ఇంటి పాపమ్మక్క గొడ్డు.' అంతే. ఆపైన చూడబుద్ధి గాక వాడి చేతిలో పడేశా."

అప్పుడర్థమైంది. అక్కడ వరుస అయిపోయి, మిగతా మాట కింది వరుసలో పడింది. పలకమీద వరుసకొక వాక్యం రాసి, వరుస చివర ఆగమని నేర్పింది నేనే. "గొడ్డు కాదక్కా, గొడ్డుకారం! కారం పెడతావని రాశాను" అన్నాను.

"గొడ్డుకారమా!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. తుడుచుకుని, "సరే గానీ, ఆ కింద ఏం రాశావే?" అంది.

ఊరి కబుర్లన్నాను.

ఆ పూట కోడిగుడ్డు పులుసు వండింది.

ఎస్తేరు

*

ఏప్రిల్ 20.

కృష్ణా,

నా రెండో ఉత్తరం అందకముందే నువ్వు రాసేసినట్టున్నావు. నిన్ను తప్పుపట్టను, నేనడిగిందే చేశావు. నాలుగు రోజుల కిందట పుట్టివాడు దాన్ని పాపమ్మక్కకిచ్చాడు. ఆమె వచ్చేసరికి పదిమందీ పలకలు పట్టుకుని కూర్చున్నారు. నేను చెయ్యి చాస్తే ఇవ్వలేదు. "నేను చదువుతా" అంది.

చదివింది. కూడబలుక్కుంటూనే, వరుసలు దాటుకుంటూ, వరుస చివర ఆగకుండా. మా అమ్మకు విషజ్వరమని, నా పేరే కలవరిస్తోందని నువ్వెంత బాగా రాశావో! ఒక మనిషి మొదటిసారి ఒక ఉత్తరం మొత్తం చదివిందన్న ధ్యాస అక్కడ ఎవరికీ లేదు. పేతురుని పుట్టి ఆపమని పరుగెత్తించింది. నా బట్టలు మూటగట్టింది. "ఏడవమాక. మీ అమ్మకేం గాదు. రండే, ప్రార్థన చేద్దాం" అని మోకరించింది. నరసమ్మతో సహా అందరూ మోకరించారు. మా అమ్మ పేరేమిటని పాపమ్మక్క కళ్లు మూసుకునే అడిగింది.

"అక్కా, ఆపు. మా అమ్మకేం జబ్బు లేదు. నేనే అలా రాయించాను" అన్నాను.

"ఓసినీ!" అంది నరసమ్మ. "దేవుడికి గూడా మా చేత అబద్ధం చెప్పించావే!" పలక చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకో నలుగురు.

పాపమ్మక్క మోకాళ్లమీదే ఉంది. ఉత్తరం విప్పి మళ్లీ చూసింది.

"అచ్చరాలన్నీ సరింగానే చదివాగా?"

"సరిగ్గానే చదివావక్కా."

"మరి అబద్ధమని యాడుంది ఇందులో?"



పేతురన్న వగరుస్తూ వచ్చి పుట్టి ఆగిందన్నాడు. ఆమె మూట తెచ్చి నా ముందు పెట్టింది. "ఎక్కితే ఎక్కు, ఉంటే ఉండు. ఏం చెయ్యాలో నేను మాత్రం చెప్పను" అని పొయ్యి దగ్గరికి పోయింది. నేను ఎక్కలేదు. మంచిదాన్నయిపోయి కాదు కృష్ణా. ఆ ఆడవాళ్లు ఎవరికోసం మోకరించారో ఆ మా అమ్మ ముఖం చూడటానికి భయమేసింది. పాపమ్మక్క ఇప్పటికీ అవసరానికి మించి మాట్లాడదు. చదువుకు ఐదుగురే వస్తున్నారు, నావైపు చూడకుండా రాసుకుపోతున్నారు.

నిన్న ఒక్క మాట అంది: ఇకమీద తన ఇంటి నుంచి పోయే ఏ కాగితమైనా తను చదివాకే పుట్టి ఎక్కాలట. ఒప్పుకున్నాను. ఈ ఉత్తరంలో ఉన్నదంతా నిజమేనా అని ఆమె అడిగితే, ఒట్టు వేసినా నమ్మవలసిన పని ఆమెకు లేదు. అయినా ఎదురుగా కూర్చుని, నేను ముగించేదాకా చూస్తోంది. చెయ్యి చాచింది. ఇస్తున్నాను.

ఎస్తేరు